తిరుపతిరాజుగారి బొచ్చె

చెరువు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎర్రగా అంటే నెత్తురులా కాదు, తీర్థంలో గ్లాసుల్లో పోసి అమ్మే రోజా షర్బత్తులా, అయినా నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు మామూలుగానే గిరగిరా తిరుగుతూ ఆ ఎర్రనీళ్ళని తుంపరలుగా చిమ్ముతున్నాయి కాబట్టి ఎస్తేరుకి అందులో వింతేమీ తోచడం లేదు. యూనివర్సిటీ ల్యాబ్‌లో సీసాల్లో పెంచే కణాలకి తిండిగా పోసే ద్రవం సరిగ్గా ఇదే రంగు. చెరువు నిండా ఆ ద్రవం పోయడానికి పిసినారి స్టోర్‌కీపరు ఎలా ఒప్పుకున్నాడో, అదొక్కటే ఆమెకి అంతుపట్టడం లేదు.

గట్టు మీద తిరుపతిరాజుగారు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఆమె పీహెచ్‌డీకి గైడు ఆయన. పోయిన వేసవిలో గుండె ఆగి చనిపోయారు. పోయిన మనిషి పోయినట్టు ఉండకుండా, తెల్లకోటు కింద గళ్ళ లుంగీ కట్టి, కాళ్ళు రెండూ చెరువులోకి వేలాడేసి, పొట్టు తీసి చేపలకి విసురుతున్నారు. కాళ్ళు మాత్రం తడవడం లేదు. చనిపోయాక అదొక సౌకర్యం కాబోలు అనుకుంటుంది ఎస్తేరు.

"రావమ్మాయ్, నిలబడిపోయావే? కూర్చో. సెమినారు ఇవాళే కదూ?"

"ఇవాళేనండి. భోజనాలయ్యాక."

థీసిస్ ఇచ్చే ముందు డిపార్టుమెంటు మొత్తం ఎదుట నిలబడి, ఇన్నేళ్ళూ చేసిన పనంతా చెప్పుకోవాల్సిన సెమినారు అది. అక్కడ ఏం చెబితే అదే థీసిస్‌లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత నాలుక కరుచుకుని లాభం లేదు.

"మరింకేం, మన బొచ్చె చేప కథతో మొదలెట్టు. అది లేకపోతే జనం ఆవలిస్తారు."

ఆ కథ తెలియని మనిషి డిపార్టుమెంటులో లేడు. అయినా రాజుగారు గొంతు సవరించుకుంటున్నారు, చెరువులో చేపలు కూడా వినడానికి తలలు పైకెత్తుతున్నాయి.

"తుఫాను వెళ్ళిన మర్నాడు మా ఆకివీడు చెరువులో వల వేశామా, ఊళ్ళో మగాళ్ళంతా పట్టి లాగినా రాదు. చెరువు అడుగే ఊడొస్తోందేమో అనుకున్నాం. తీరా చూస్తే బొచ్చె! నవారు మంచమంత! అది గట్టెక్కేసరికి నీళ్ళు మూరెడు దిగిపోయాయి. ఒక్కసారి మొప్పలు విసిరిందమ్మాయ్, ఆ గాలికి మా కరణంగారి తలపాగా ఎగిరి, కాలవ దాటి, పోయే రైలు కిటికీలో పడింది. పాపం ఆయన దాని కోసం నరసాపురం దాకా వెళ్ళొచ్చారు."

"పోయినసారి భీమవరం దాకానే అన్నారండి."

"చచ్చిపోయాక కాస్త దూరం పెరుగుతుందిలే."

ఎస్తేరుకి నవ్వొస్తుంది, నవ్వొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ బొచ్చె మొప్పల్లోంచి తీసిన కణాలేనని చెప్పి ఆయన ఆమె చేతికి ఒక సీసా ఇచ్చారు. వేసవిలో చెరువు నీళ్ళు కాగినప్పుడు మొప్పల్లో ఒక కణం పక్క కణానికి కబురంపుతుంది. కబురందినవి తలుపులు బిగించుకుని బతుకుతాయి, అందనివి చస్తాయి. ఆ కబురేమిటో పట్టుకోవడమే ఎస్తేరు పని. పట్టుకుంది కూడా. మన బొచ్చె అందరూ అనుకున్నదాని కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుందని తేల్చింది. రాజుగారు ఆ మాట రైతుల సభలో మైకు పట్టుకుని మరీ చెప్పారు.

గట్టు కాళ్ళ కింద సన్నగా అవుతోంది. మట్టి పోయి మొజాయిక్ వస్తోంది, అటూ ఇటూ చెరువులకి గాజుగోడలు లేస్తున్నాయి, ఏరేటర్ల చప్పుడు సన్నబడి సన్నబడి కణాల సీసాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు గురగురలా మారుతోంది, రాజుగారు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఆమె పక్కన సాగి వస్తున్నారు.

"సార్, మీరిచ్చిన కణాలు ఏ చేపవో తేల్చమని పరీక్షకి పంపానండి."

వేరుశనక్కాయ ఆయన వేళ్ళ మధ్య ఆగిపోతుంది.

"వద్దన్నాను కదమ్మాయ్. నా చేతుల్తో తీసిన వాటికి పరీక్షేంటని."

"మీరు పోయాక పంపాను."

"ఏవన్నారు?"

"బొచ్చె కాదన్నారు. గాజుతొట్టెల్లో ఈదే జీబ్రా చేపట. వేలెడంత ఉండదండి అది. మీ నవారు మంచం ఏమైపోయింది సార్?"

ఆయన పప్పు నోట్లో వేసుకుని నములుతారు. పళ్ళు లేని పసివాడిలా నములుతారు, అంతలో తాతలా నములుతారు.

"బొచ్చె అబద్ధం కాదు. మంచమంత కాకపోవచ్చు, చేతికి బరువే. మొప్పలు కోసిందీ నేనే, కణాలు పెంచిందీ నేనే. అదే బల్ల మీద జీబ్రా చేప కణాలు కూడా పెంచాను. రెంటికీ ఒకటే ద్రవం సీసా వాడాను. ఏ రకానికి ఆ రకం సీసా విడిగా ఉండాలని నీకు మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పారు. చేతి మీద కొట్టి మరీ చెప్పారు."

"ఎందుకు కొట్టాననుకున్నావ్? జీబ్రా చేప కణాల్లో ముంచిన గొట్టం ఆ ద్రవం సీసాలో ముంచాను, ఆ సీసాలోది బొచ్చె కణాలకి పోశాను. నాలుగు కణాలు దిగితే చాలు. అవి గబగబా పెరుగుతాయి, బొచ్చెవి నెమ్మదస్తులు. పాసింజరు రైల్లో తువ్వాళ్ళు వేసి సీట్లు పట్టేసినట్టు పట్టేశాయి. కొన్నాళ్ళకి చూస్తే బొచ్చె అన్నది సీసా మీద పేరుకే మిగిలింది."

"మీకెప్పుడు తెలిసింది?"

ఆయన ఇంకో వేరుశనక్కాయ ఒలవడం మొదలెడతారు. గాజుగోడ అవతల చారల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి, ఒక్కొక్కటీ మనిషంత ఉంది.

"చెప్పండి సార్."

"నీకిచ్చే ముందు."

ఆ రోజు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ల్యాబ్‌లో అందర్నీ పిలిచి, ఆమె నోట్లో పూతరేకు పెట్టి, "నా ప్రాణం ఎస్తేరుకిచ్చేస్తున్నా, ఇక నేను ముట్టను" అని సీసా చేతిలో పెట్టిన రోజు. మిగతా స్కాలర్ల మొహాలు మాడిపోయాయి. ఇంటికి ఫోను చేస్తే నాన్న పేటంతా తిరిగి చెప్పుకున్నాడు. తను ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి ఆ కణాలకి తిండి పోసింది, అవి చచ్చిపోతాయని క్రిస్మస్‌కి కూడా ఇంటికి వెళ్ళలేదు. ఆయన ముట్టనన్నది త్యాగమనుకుంది. చేతికంటిన మసి తుడుచుకోవడమని ఇప్పుడు తెలుస్తోంది.

"అంతమంది ఉండగా నాకే ఎందుకిచ్చారండి?"

"వాళ్ళు అడుగుతారమ్మాయ్. నువ్వు అడగవు."

ఎంత మామూలుగా అంటారో ఆ మాట, ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు. ఎస్తేరుకి కాళ్ళ కింద మొజాయిక్ మళ్ళీ బురదవుతోంది, చీలమండల దాకా దిగబడుతోంది. క్షమించమంటారనే ఆశ ఒకటి ఇంకా లోపల మిణుకుమంటూనే ఉంది, ఆయన ఆమె చెయ్యి పట్టుకునేసరికి ఆ ఆశ లేచి కూర్చుంటుంది కూడా.

"ఒక్క సాయం చెయ్యి. ఇవాళొక్క పూట బొచ్చె అనెయ్. డిపార్టుమెంటు మెట్ల దగ్గర నా ఫోటో పెట్టారు చూశావా? రోజూ పూలు మారుస్తున్నారట. దాన్ని దింపించకు తల్లీ."

"ఇందుకా వచ్చారు?"

"మరెందుకనుకున్నావ్?"

"మే నెల వస్తోందండి. మీరు మైకులో చెప్పారని మా ఊళ్ళో చెరువులు చేసేవాళ్ళంతా చేపపిల్లని రెండింతలు వదులుతారు. ఆ నీళ్ళలో ఉండేది నిజం బొచ్చెలు, మీ జీబ్రా చేపలు కావు. తట్టుకోకపోతే?"

"చేపలు చచ్చి తేలితే ఎండల్ని తిట్టుకుంటారు. మనల్నెవరు తిడతారే?"

చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఆయన వేళ్ళు వదలవు, వెచ్చగా, మెత్తగా, పూతరేకు పెట్టిన వేళ్ళు అవే, చుట్టూ తలుపులు లేని గాజుగోడలు, అవతల చారల చేపలన్నీ తిరగడం మాని ఇటే చూస్తున్నాయి.

"నెమ్మదమ్మాయ్. గురువు పరువు..."

"బొచ్చె కాదు!" అని అరుస్తుంది ఎస్తేరు. "అది బొచ్చె కాదు! అడగనన్నారు కదా, అడగను, చెబుతాను! అవి బొచ్చె కణాలు కానే కావు!"

ఆయన మొహం నీళ్ళలో నీడలా చెదురుతుంది. మళ్ళీ అతుక్కోబోతుంది. ఎస్తేరు మళ్ళీ అరుస్తుంది.

బల్ల మీదనుంచి తల లేపేసరికి ల్యాబ్ నిండా పట్టపగటి వెలుతురు. అన్నం తిని, సెమినారుకి ముందు కాసేపని చేతుల మీద తల వాల్చింది. గుమ్మంలో నాగవల్లి, పక్క బల్ల మీద పనిచేసే స్కాలరు, మజ్జిగ గ్లాసు పట్టుకుని నోరు తెరిచి నిలబడి ఉంది. ఆమె వెనక వరండాలో భోజనాల నుంచి వస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. హెడ్డుగారు కూడా, పళ్ళలో పుల్ల పళ్ళలోనే.

"ఏంటే బొచ్చె కాదంటున్నావ్? మరేం చేపే?" అంటుంది నాగవల్లి.

"జీబ్రా చేప," అంటుంది ఎస్తేరు. గొంతు జీరబోయి, చెరువు ఈ గట్టునుంచి ఆ గట్టుకి కేకేసిన మనిషి గొంతులా బొంగురుగా వస్తోంది.