బయటి నుంచి తాళం

బహదూర్‌పురాలో మేము పనిచేసే గోదాముకు ఉన్నది ఒకటే షట్టర్. మేమంతా లోపలికి వెళ్లాక సూపర్‌వైజర్ ప్రేమ్‌రాజ్ దాన్ని కిందికి లాగి, బయట తాళం వేసి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు చాయ్ తాగడానికి పోతాడు. జనం ఫోన్లలో ఆర్డర్ పెట్టే సామాన్లను డబ్బాల్లో సర్దేది మేమే. ఆ సామాన్లు మేము ఎత్తుకుపోతామని కంపెనీకి భయం. తాళం పడిన చప్పుడు వింటేనే మాకు డ్యూటీ మొదలైనట్టు. అంతగా అలవాటు పడిపోయాం.

ఆ రోజు బ్యాటరీల డబ్బా ఒకటి అంటుకుంది. గోదామంతా పొగ కమ్మింది. అరచేతులు వాచేలా షట్టర్ మీద కొట్టాం. ప్రేమ్‌రాజ్ పరుగెత్తుకొచ్చి తీసేసరికి ఆశ్రిత ప్రాణం పోయింది. ధూల్‌పేట్ పిల్ల. వినాయకుల సీజన్ అయిపోయాక విగ్రహాలకు రంగులేసే పని లేక మాతో చేరింది. వాళ్లమ్మ నాగమణమ్మదీ మా గోదామే. కూతురి ముఖాన్ని షట్టర్ కింది సందు దగ్గర పెట్టి, గాలి తగులుతుందనే ఆశతో చివరిదాకా పట్టుకునే కూర్చుంది.

ఆ సందులోంచి బయటికొచ్చిన మా వేళ్లను ఎవరో వీడియో తీశారు. దేశమంతా చూసింది. విద్యార్థులు కదిలారు, కంపెనీ ఆఫీసు ముందు పెద్ద గొడవ జరిగింది. కొద్దిరోజులకే కంపెనీ పెద్ద సారు భాస్కరరావు రాజీనామా చేశాడు. నైతిక బాధ్యతట. మేము గెలిచామనుకున్నాం. మేముండే హుస్సేనీ ఆలంలో మిఠాయి పంచాం, మర్ఫా డప్పులు కొట్టించాం. నాగమణమ్మ మాత్రం రాలేదు.

మర్నాడు పనికి వెళ్లాం. షట్టర్ దిగింది. బయట మళ్లీ తాళం పడింది.

భాస్కరరావుకు కోట్ల రూపాయలు ఇచ్చి సాగనంపుతున్నారని ఆ సాయంత్రం టీవీలో చెప్పారు. ఇన్నేళ్ల సేవకు గౌరవమట. ఇక్కడ ఆశ్రిత అంత్యక్రియలకు మేము చందాలు వేసుకున్నాం. కడుపు మండదా?

మాతో పనిచేసే అమల ఇంటి వాకిట్లో అందరం కూర్చున్నాం. శ్రవణ్ అనే విద్యార్థి మీటింగ్ పెట్టించాడు. ఆ సొమ్ములో వాటా అడుగుదామని కొందరన్నారు. నోరెత్తితే పని ఊడుతుందని కొందరు అరిచారు. కిరాయిలు, పిల్లల ఫీజులు అందరి మెడకూ చుట్టుకునే ఉన్నాయి. చివరికి నాగమణమ్మ నోరు విప్పింది.

"ఆయన పైసల్ల నాకు వాటా వద్దు. ఆ తాళం పోవాలె. నా బిడ్డ ఎట్లనో పోయింది, గీ పిల్లలన్న మిగలాలె."

మర్నాడు హెచ్‌ఆర్ మేడం రాగసుధ వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. రేపు ప్రభుత్వం తరఫున విచారణ అధికారి వస్తున్నాడని, షట్టర్ దించే ఉంటుంది గానీ తాళం వేయరని అందరం ఒకే మాట చెప్పాలని అంది. లేదంటే గోదాము మూతపడుతుందట. ఎందుకింత ఆరాటమో శ్రవణ్ విడమర్చి చెప్పాడు. తాళం కంపెనీయే వేయించిందని తేలితే భాస్కరరావు సొమ్ము ఆగిపోతుంది. అంటే ఆ సారు కోట్లకు మా అబద్ధం కావాలి!

సాయంత్రం ప్రేమ్‌రాజ్ మా దగ్గరికొచ్చాడు. నోరు జారితే తాళం వేయడం నీ సొంత తెలివే అంటామని మేడం అతన్ని బెదిరించిందట.

"నిజం చెప్తే నన్ను లోపలేస్తరు. చెప్పకుంటే మీరు లోపల సస్తరు. ఎటు పోవాలె అక్కా?"

కూతురు పోయిన రోజు నుంచి నాగమణమ్మ అతని ముఖం చూడలేదు. ఇప్పుడు చూసింది.

"రోజు ఏం చేస్తవో గదే చెయ్."

మర్నాడు అధికారి గోదాము లోపలికి వచ్చాడు. పక్కన రాగసుధ నిలబడింది. తాళం వేస్తారా అని ఆయన ఒక్కొక్కరినీ అడిగాడు. అందరం షట్టర్ వైపు చూశాం. అంతలో షట్టర్ దిగింది, తాళం పడింది. ఆయన వెళ్లి తోశాడు, పిలిచాడు. రాగసుధ ఫోన్ చేసింది. ప్రేమ్‌రాజ్ ఎత్తలేదు. ఉక్కపోతకు అధికారి చొక్కా తడిసిపోయింది. అరచేత్తో షట్టర్‌ను బాదడం మొదలుపెట్టాడు. నాగమణమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"జర కిందికి వంగుండ్రి సారూ. ఆడ సందున్నది. నా బిడ్డ ఆడ్నించే గాలి కోసం చూసింది."

చాయ్ తాగి వచ్చి ప్రేమ్‌రాజ్ తాళం తీశాడు. "కంపెనీ హుకుం సార్. రోజు గిట్లనే ఏస్త" అన్నాడు. అధికారి అంతా రాసుకున్నాడు. కానీ రాగసుధ అప్పటికే పోలీసులను పిలిచింది. సర్కారు మనిషిని నిర్బంధించాడని ప్రేమ్‌రాజ్‌ను జీపెక్కించారు.

షట్టర్ బార్లా వదిలేసి మేమందరం స్టేషన్‌కు నడిచాం. తాళం వేయమన్నది మేమేనని, అందరినీ లోపల వేయమని నాగమణమ్మ ఎస్సైతో చెప్పింది. ఆయన మమ్మల్ని బయటికి నెట్టించి గేటు వేయించాడు. మేము ఆ గేటు ముందే కూర్చున్నాం.

విచారణ తేలేదాకా భాస్కరరావు సొమ్ము ఆపారని చీకటి పడే వేళకు శ్రవణ్ కబురు తెచ్చాడు. ఈసారి ఎవరమూ మిఠాయి మాట ఎత్తలేదు. ప్రేమ్‌రాజ్ లోపలే ఉన్నాడు. నాగమణమ్మ లేచి గేటు మీద అరచేత్తో కొట్టింది. తర్వాత అమల కొట్టింది. ఆ తర్వాత మేమందరం కొట్టడం మొదలుపెట్టాం.