చప్పుడు చేసే బొమ్మలు

బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేవాడికి పగలే రాత్రి. ఆ సంగతి లోకానికి పట్టకపోతే పోనీ, కన్నకొడుక్కయినా పట్టాలిగా! పట్టదు. వాడికింకా రెండేళ్ళు నిండలేదు.

పెట్టిన పేరు ఒకటుంది గానీ ఇంట్లో అందరికీ వాడు బుడంకాయే. తండ్రి రాత్రంతా ముక్కలు కోసే మిషన్ దగ్గర నిలబడి, కాళ్ళు పీక్కుపోతుంటే తెల్లారి ఇంటికి చేరేవాడు. అప్పటికి బుడంకాయ కడుపునిండా పాలు తాగి, ఇల్లు పీకి పందిరి వేయడానికి సిద్ధంగా ఉండేవాడు. తల్లి బస్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. ఆమె చెప్పులు తొడుక్కునే వేళకే అతను చెప్పులు విడిచేవాడు. గుమ్మంలో పిల్లాణ్ణి ఆమె చంకలోంచి అతని చంకలోకి మార్చుకోవడం, ఆ కాస్తసేపే వాళ్ళ కాపురం. అతని అత్తగారు ఒక హాస్టల్లో వంట ముగించుకుని మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చేది. ఆవిడ వచ్చేదాకా బుడంకాయ పూచీ అతనిదే.

మధ్యాహ్నం దాకా నిద్ర ఆపుకోవడం మనిషన్నవాడి వల్ల అయ్యే పనేనా? కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. అత్తగారు వచ్చాక పడుకుందామంటే ఎండ, వీధిలో గోల, అంతలోనే మళ్ళీ డ్యూటీ. ఒక రాత్రి నిలబడే కునుకు తీశాడు. కోసిన బ్రెడ్డంతా బెల్టు మీంచి గుట్టగా కిందపడింది. సూపర్‌వైజర్ కేకలేసినా బాగుండేది.

"ఏమయ్యా, ఇంకోసారి ఇలా కనిపించావంటే నేరుగా గేటు బయటికే. ఆ బ్లేళ్ళ దగ్గర నీ వేళ్ళు తెగితే నేను సమాధానం చెప్పుకోవాలి," అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మదికే అతనికి ముచ్చెమటలు పోశాయి.

"పొద్దున పూట వాడంతట వాడు ఆడుకునేలా అలవాటు చెయ్యండి," అంది భార్య. "బయటికి వద్దు, ఇంట్లోనే. నాలుగు మంచి బొమ్మలు కొనండి. ఫోను మాత్రం చేతికిచ్చారో, ఊరుకోను."

బొమ్మల కొట్టావిడ మంచి మనిషి. సంగతంతా విని, గుడ్డతో కుట్టిన ఏనుగునీ, మెత్తటి స్పాంజి ముక్కలనీ తెచ్చి ముందు పెట్టింది. "ఇవి తీసుకోండి సార్. కిందపడినా చప్పుడు రాదు. మీరు హాయిగా పడుకోవచ్చు."

"చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదమ్మా," అన్నాడతను.

ఆవిడ ముక్కున వేలేసుకుంది. అతనికి నవ్వే ఓపిక లేదు గనక ఉన్నమాట చెప్పాడు. మిషన్ దగ్గర పనిచేసేవాళ్ళ చెవులు అలా తయారవుతాయి. రొద సాగుతున్నంతసేపూ అంతా సవ్యంగా ఉన్నట్టు. రొద ఆగిందంటే ఎక్కడో ఏదో ఇరుక్కున్నట్టు. టీ విరామంలో గోడకు చేరగిలబడి నిద్రపోయేవాళ్ళు కూడా మిషన్ ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. పిల్లాడి దగ్గరా అంతే. వాడు చప్పుడు చేస్తున్నాడంటే క్షేమం, ఊరుకున్నాడంటే కొంప మునిగినట్టు.

కొట్టు మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడి, ఒక్కో బొమ్మనీ చెవి దగ్గర ఆడించి చూశాడు. పక్కనున్నవాళ్ళు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు, చూస్తే చూడనీ. చెక్కముక్కలు కలిపితే టక్కుమన్నాయి, బాగున్నాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే రేకు గిన్నెలు, అవీ బాగున్నాయి. తాడు కట్టి లాగితే టకటకమనే చెక్కబండి మరీ బాగుంది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆశ కదా! మీట నొక్కితే ఆపకుండా పాడే బ్యాటరీ బాతు కూడా తీసుకున్నాడు.

"సార్, దాంతో పిల్లాడు ఆడక్కర్లేదు. అదే ఆడుకుంటుంది. వాడికి మొహం మొత్తుతుంది," అంది కొట్టావిడ.

అతను వినిపించుకోలేదు.

మొదట్లో పని సాఫీగానే నడిచింది. వీధి తలుపు గడియ వేసి, ముందుగదిలో చాప పరుచుకుని, చెక్కముక్కలు కుప్పపోసి వాలేవాడు. టక్, టక్. గిన్నె దొర్లిన చప్పుడు. అలా నిద్ర ముక్కలుముక్కలుగా దొరికేది. చప్పుడు ఆగితే ఒక కన్ను తెరిచేవాడు. బుడంకాయ గిన్నె అంచు కొరుకుతూ కనపడేవాడు. ఆ కన్ను మూతపడేది. ముక్కల నిద్రతో ఒంటి అలుపు తీరదు. ఒకరోజు ఇక తట్టుకోలేక బాతు మీట నొక్కి పిల్లాడి ముందు పెట్టాడు. బాతు పాట అందుకుంది. అతను బావిలో రాయిలా నిద్రలోకి దిగిపోయాడు.

అత్తగారు తలుపు బాదుతుంటే మెలకువ వచ్చింది. గదిలో బాతు పాడుతూనే ఉంది. పిల్లాడు లేడు.

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. వంటింట్లో లేడు. మంచం కింద లేడు. స్నానాలగది తలుపు ఓరగా తీసి ఉంది. నీళ్ళు నింపిన టబ్బు మీదికి బుడంకాయ నడుము దాకా వంగి ఉన్నాడు. మడమలు నేలమీంచి లేచి ఉన్నాయి. చెక్కముక్కలు ఒక్కొక్కటే నీళ్ళలో వేసి, తేలినవాటిని ముంచడానికి చెయ్యి చాస్తున్నాడు. అతను ఒక్క అంగలో వెళ్ళి వాణ్ణి లాక్కుని గుండెకు అదుముకున్నాడు. ఆట చెడినందుకు వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

గడియ తీశాక అత్తగారు తడిసిన మనవణ్ణీ, వాణ్ణి వదలని అల్లుణ్ణీ చూసింది. తిట్టలేదు. "కూర్చో అల్లుడూ, ముందు కూర్చో," అంది. అతను కూర్చుని ఏడ్చాడు. పిల్లాడికోసమా, నిద్రకోసమా అంటే చెప్పలేడు. సిగ్గుతో చచ్చిపోయాడన్నది మాత్రం నిజం. తన నిద్రకు కాపలా కోసం కొన్న బొమ్మ తన చెవులనే మోసం చేసింది.

బాతులోంచి బ్యాటరీలు ఊడిపోయాయి. టబ్బు బోర్లపడింది. స్నానాలగదికీ వంటింటికీ పైన గడియలు వచ్చాయి. ఉన్న బొమ్మలన్నీ ఒకేసారి పోయకుండా ఇవాళ కొన్ని, రేపు కొన్ని బయటపెట్టమని భార్య చెప్పింది. చాప ఇప్పుడు గది మధ్యలోకి, బొమ్మల పక్కకే జరిగింది. వాడి చప్పుడుతో పాటు వాడి చెయ్యీ కాలూ తగులుతుండాలని అతని లెక్క.

ఆ తర్వాత ఏమైందో అతనికే సరిగ్గా తెలియదు. బుడంకాయ కుదురుకున్నాడు. అతను లేచేసరికి కడుపు మీద రేకు గిన్నెలు, చంకలో చెక్కముక్కలు, మెడ కింద బండి తాడు ఉండేవి. వాడు పక్కనే తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉండేవాడు. నిద్ర తీరింది. మిషన్ దగ్గర కళ్ళు నిలిచాయి. సూపర్‌వైజర్ ఏదో ఒకటి అనడం మానేశాడు. ఆయన మెచ్చుకోలు అంతకుమించి ఉండదు.

ఇంతలో మిషన్‌కి రిపేరు వచ్చి ఫ్యాక్టరీకి ఒక రాత్రి సెలవిచ్చారు. పెళ్ళయిన కొత్తలోలా ఇంట్లో, చీకట్లో, మంచం మీద పడుకున్నాడు. పొద్దున తలస్నానం చేసి, భార్యను సాగనంపి వస్తే ఒళ్ళు దూదిలా ఉంది. ముందుగదిలో బొమ్మల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రారా బుడంకాయా! ఇవాళ మనిద్దరం ఆడుకుందాం."

చెక్కముక్కలు పేర్చి మేడ కట్టాడు. బుడంకాయ కదల్లేదు. తన చోట్లో ఎవరో కొత్తమనిషి కూర్చున్నట్టు చూశాడు. బండి తాడు చేతికిస్తే వదిలేశాడు. గిన్నె మోగిస్తే మొహం తిప్పుకున్నాడు. చివరికి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ తండ్రి ఛాతీకి ఆనించి వెనక్కి తోశాడు.

"నాన్నా, బజ్జో."

"ఇవాళ బజ్జోనురా. నాకు నిద్ర రావట్లేదు."

"బజ్జో!" పెదవి వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను పడుకున్నాడు. చిన్న అరచెయ్యి వచ్చి రెండు కళ్ళూ మూసింది. వాడు అటు తిరిగాక రెప్పల సందులోంచి చూశాడు. బుడంకాయ గిన్నెలు తెచ్చి వరసగా అతని కడుపు మీద పెట్టాడు. ఒక గిన్నె నోటికి ఆనించి, "నాన్న టీ," అన్నాడు. బండిని కాలి మీంచి ఎక్కించి, మోకాలి దగ్గర ఆపి, "బస్సు, అమ్మ బస్సు," అన్నాడు. మేడ మీంచి ఒక చెక్కముక్క జారిపడితే దానివైపు వేలు చూపించి కోప్పడ్డాడు. "ష్! నాన్న పని చేసి వచ్చాడు."

వాడికి ఇన్ని మాటలు వచ్చని అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ ఈ ఆటలో తానే పెద్ద బొమ్మనని కూడా తెలియదు. లేచి వాణ్ణి ఎత్తుకుని ముద్దులాడాలని మనసు పీకింది. కళ్ళు తెరిస్తే ఆట ఆగిపోతుంది. కంటి చివర నీరు చెవిలోకి జారినా తుడుచుకోలేదు. నిద్ర ఛాయలు కూడా లేని ఆ తండ్రి, అత్తగారు వచ్చి తలుపు తట్టేదాకా, కదలకుండా అలాగే పడుకున్నాడు.