పెంకుల గుట్ట

ఇల్లు కట్టింది తండ్రి. ఆయన పోయాక కొడుకులిద్దరూ నడవా మధ్యన ఇటుక గోడ లేపి, ఒక ఇంటిని రెండిళ్ళు చేసుకున్నారు. పెద్దవాడు లేత్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. చిన్నవాడు సిటీ బస్సు నడుపుతాడు. ఇల్లు పంచుకోవడం సాఫీగానే అయింది. తంటా అంతా పెరటి దగ్గర వచ్చింది.

పెద్దవాడు తన సగానికి పాత పెంకులు దించేసి స్లాబు పోయించాడు. దించిన పెంకులన్నీ తెచ్చి పెరట్లో పేర్పించాడు. ఆ గుట్ట సరిగ్గా మధ్యలో ఉందని చిన్నవాడు అన్నాడు. తన నేల మీదే ఉందని పెద్దవాడు అన్నాడు. సర్వేయరు వచ్చి కొలిచాక చూద్దాం అనుకున్నారు. సర్వేయరు రాలేదు. గుట్ట తీస్తే నేల వదులుకున్నట్టేనని పెద్దవాడు బిగుసుకున్నాడు. తను ముట్టుకుంటే గొడవ పోలీసు స్టేషను దాకా పోతుందని చిన్నవాడు ఊరుకున్నాడు. అలా బిగుసుకుని ఒకడు, ఊరుకుని ఒకడు, చివరికి అన్నదమ్ములు మాట్లాడుకోవడమే మానేశారు.

ఆడవాళ్ళు మానలేదు. మొగుళ్ళు పనికి పోయాక బట్టలు ఆరేసే తీగ దగ్గర తోడికోడళ్ళిద్దరూ కలిసేవారు. చిన్నకోడలు ఇంట్లోనే మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పెద్దకోడలు బేకరీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. చిన్నదానికి పిల్లల్లేరు. పెద్దదానికి ఒక్కతే కూతురు. ఐదేళ్ళుంటాయి, బక్కపలచటి పిల్ల, ఒకచోట కుదురుగా నిలవదు. అందరూ పిట్ట అని పిలిచేవాళ్ళు.

"పిన్నివాళ్ళ ఇంటికి వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతా" అని తండ్రి పిట్టకి చెప్పి ఉంచాడు. పిట్ట ఇంటికి వెళ్ళేది కాదు. పెరట్లో పిన్ని వేసిన చిక్కుడు పందిరి దగ్గరికి వెళ్ళేది. "నేను ఇంట్లోకి రాలేదు కదా, పాదు దగ్గరికే వచ్చా" అని ముందే చెప్పుకునేది, ఎవరో అడిగినట్టు.

పందిరి కొసల్లో సాలెగూళ్ళు ఉండేవి. పిన్ని వాటిని దులిపేది కాదు. ఒక సాలీడు పసుపు చారలతో బొటనవేలంత ఉండేది. పిట్ట దాని ముందు గొంతుక్కూర్చుని చూసేది.

"పిన్నీ, ఇది తలకిందులుగా ఉంటే దీనికి కళ్ళు తిరగవా?"

"దానికి అదే నిటారు. నిన్ను చూసి ఈ పిల్లేంటి తలకిందులుగా కూర్చుందీ అనుకుంటుంది."

"కరుస్తుందా?"

"దాని పని దోమలతో. నీతో దానికేం పని?"

సాలీళ్ళంటే చిన్నకోడలికి భయం లేదు. గోడ అలమారు వెనక అరచేయంత సాలీడు ఒకటి కాపురముంటే, బట్టలు తీసేటప్పుడు "కాస్త జరుగు తల్లీ" అనేది. ఆమె భయమంతా తేళ్ళతోనే.

ఎండలు ముదిరాక అవి బయటికి రావడం మొదలుపెట్టాయి. మొదట ఒకటి బకెట్లో కనపడింది. తరవాత ఒకటి మిషను కింద గుడ్డపేలికల్లో. పెద్దపెద్ద నల్లవి కావు, చిన్నవి, ఇటుక రంగువి. ఒకరోజు పొద్దున డ్యూటీకి బయల్దేరుతున్న చిన్నవాడిని మడమ మీద ఒకటి కుట్టింది. ఆ రోజంతా పళ్ళు బిగబట్టి బస్సు నడిపి వచ్చాడు. వచ్చాక పెరట్లో నిలబడి అన్న ఇంట్లోకి వినపడేలా అన్నాడు.

"ఎవరి తేళ్ళని వాళ్ళు కట్టేసుకుంటే బాగుంటుంది."

అవతల నుంచి అన్న గొంతు వచ్చింది, ఎవరితోనో అన్నట్టు. "తేలుకి హద్దులు తెలీవు. కొంతమంది మనుషులకే తెలీనప్పుడు దాన్ని అని ఏం లాభం."

చిన్నకోడలు మర్నాడు తీగ దగ్గర తోడికోడలిని పట్టుకుంది.

"అక్కా, ఇది ఇలా ఉంటే లాభం లేదు. వీళ్ళు తేల్చుకునేలోపు ఇల్లంతా తేళ్ళతో నిండిపోతుంది. నీకు సెలవున్న రోజు మనిద్దరం ఆ గుట్ట తీసేద్దాం. సందు గోడ వారగా పేర్చేద్దాం. ఎవరి వైపూ కాదు అది."

పెద్దకోడలు తడి దుప్పటి పిండుతూ ఆగిపోయింది. "ఆయన ఊరుకోరే."

"పెంకులు పారెయ్యట్లేదుగా. పిట్ట అస్తమానం అక్కడే తిరుగుతుంది. చూస్తున్నావుగా."

కూతురి పేరెత్తాక పెద్దకోడలు సరేనంది.

సెలవు రోజు పిట్ట బడికి వెళ్ళాక ఇద్దరూ నడుం బిగించారు. చిన్నకోడలు మొగుడి బూట్లు తొడుక్కుంది. బూట్లలో కాళ్ళు ఈదుతున్నాయి. పెద్దకోడలు చేతులకి గోనెగుడ్డ చుట్టుకుంది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. పై వరసలు తీసినంతసేపూ దుమ్మూ బొద్దింకలే. కింది వరసల్లో పెంకు ఎత్తితే చాలు, కొండి పైకెత్తుకుని ఒకటి. ఇంకో పెంకు కింద రెండు. చిన్నకోడలు పట్టకారుతో పట్టి రాయి మీద పెట్టి చెప్పుతో కొట్టింది. ఒక పెంకు కింద తల్లి తేలు ఉంది. వీపు నిండా తెల్లటి పిల్లలు, బియ్యపు గింజలంత. కదలకుండా అలాగే ఉండిపోయింది. చిన్నకోడలి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత కొట్టింది.

అన్నీ చావలేదు. కొన్ని పాదుల్లోకి పాకాయి, కొన్ని గోడ పగుళ్ళలోకి దూరాయి. సాయంత్రానికి గుట్ట ఉన్నచోట పాలిపోయిన నేల మిగిలింది. పెద్దకోడలు బడి నుంచి వచ్చిన పిల్లని లోపలే కూర్చోబెట్టింది.

వెలుతురుండగానే పెద్దవాడు వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చినవాడు అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు తీశారు?"

చిన్నకోడలు తన గుమ్మంలోకి వచ్చింది. "నేనే బావగారూ. తేళ్ళు మరీ ఎక్కువైపోయాయి. అదిగో, పెంకులు భద్రంగా సందు గోడ దగ్గర పేర్చి..."

"నేను అడిగింది ఎందుకని కాదు." భార్య వైపు తిరిగాడు. "ఇదంతా మోస్తుంటే నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా. చూస్తూ ఊరుకున్నావా? నీకూ చెయ్యి ఉందా ఇందులో?"

పెద్దకోడలి గోళ్ళలో ఇంకా పెంకుల మట్టి ఉంది. చేతులు కొంగులో చుట్టుకుంది.

"నాకేం తెలుసు. తలనొప్పిగా ఉండి పడుకున్నా."

చిన్నకోడలు ఆమె వంక చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెద్దవాడు చొక్కా విప్పి పెంకులు మొయ్యడం మొదలుపెట్టాడు. సాయం అడగలేదు, తిండికి ఆగలేదు. తీసిన ప్రతి పెంకూ మళ్ళీ పాత చోటికే తెచ్చి పేర్చాడు. డ్యూటీ నుంచి వచ్చిన తమ్ముడు కిటికీలోంచి చూశాడు. "మొయ్యనీ, నడుం పడిపోతే బుద్ధొస్తుంది" అని భార్యతో అని అన్నం ముందు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పిట్ట స్నానానికి వెళ్తూ స్నానాలగది గుమ్మం దగ్గర పడున్న తువ్వాలు అందుకుంది. దాని మడతలో ఉంది తేలు. చేతి మీద కుట్టింది. పిల్ల కేక గోడ ఇవతలికి వినపడింది. చిన్నకోడలు మిషను తొక్కడం ఆపి చెవి ఒగ్గింది. లేచి వెళ్దామనుకుంది. నిన్నటి మాట అడ్డం వచ్చింది. వాళ్ళమ్మా నాన్నా ఉన్నారుగా అనుకుని కూర్చుంది.

పెద్దవాడు తేలుని చంపాడు. పిల్ల మణికట్టు పైన గుడ్డపీలిక కట్టాడు. నొప్పి బిళ్ళ సగం విరిచి మింగించాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్దామండీ" అంది భార్య.

"తేలు కుడితే ఆసుపత్రేంటి? వాడిని కుడితే బస్సు నడపలేదూ? మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. ఇవాళ బడికి పంపకు."

ఆయన పనికి వెళ్ళిపోయాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంది. నిద్రపోతోందని తల్లి వంటపని చూసుకుంది. తీరా వచ్చి చూస్తే పిల్ల జుట్టంతా తడిసి ముద్దయి ఉంది. ఒంటి మీద చెమటలు కారిపోతున్నాయి, కాళ్ళూ చేతులూ చూస్తే చల్లగా ఉన్నాయి. రెండుసార్లు వాంతయింది. ఊపిరి పైపైనే పీలుస్తోంది. తల్లి మొగుడికి ఫోను చేసింది. లేత్ చప్పుడులో ఆయనకి వినపడలేదు. మళ్ళీ చేసింది. అప్పుడు వెళ్ళి నడవా గోడని రెండు చేతులతో బాదింది.

"చెల్లీ, ఒకసారి రావే."

చిన్నకోడలు వచ్చి పిల్ల మీద చెయ్యి వేసి, వెంటనే చంకనేసుకుంది. ఆటో సందు మొదట్లోనే దొరికింది.

"ఎక్కు అక్కా."

పెద్దకోడలు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. "ఆయనకి చెప్పకుండా ఎలాగే? మీరు పదండి. వర్క్‌షాపుకెళ్ళి ఆయన్ని తీసుకుని వెనకే వచ్చేస్తా."

"ముందు నువ్వు ఎక్కు."

"వెనకే వస్తా" అంది. ఆటో కదిలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "ఎప్పుడు కుట్టింది?" అని అడిగింది. పొద్దున్న అని చెప్తే నర్సు వంక చూసింది. "చిన్నపిల్లలకి గుండె మీద పడుతుందమ్మా. పెద్దవాళ్ళకి నొప్పితో పోయేది వీళ్ళకి ప్రాణం మీదకొస్తుంది. వెంటనే తేవాల్సింది." తరవాత పని చేసుకుపోయింది. పిల్ల నోటి వెంట నురగ వచ్చింది. గొట్టం వేశారు. చిన్నకోడలిని బయటికి పంపేశారు.

తల్లీ తండ్రీ వచ్చేసరికి పిట్ట పోయింది.

బంధువులంతా పెద్దవాడి ఇంట్లో చేరారు. తమ్ముడు చాలా కాలం తరవాత అన్న గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. భార్య అతని వెనక నిలబడింది. పెద్దవాడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మరదలిని చూడగానే గొంతు పెగిలింది.

"అవి వాటిమానాన పెంకుల కింద పడున్నాయి. ఈవిడ కదిపింది. కదిపి నా ఇంట్లోకి తోలింది."

కొంతమంది చిన్నకోడలి వంక చూసి తలలు దించుకున్నారు. ఆ మాట అబద్ధమని ఆమె తనకైనా తను చెప్పుకోలేకపోయింది. గుట్ట కదపకపోతే ఆ తేలు తువ్వాల్లోకి వచ్చేదా? ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పటి నుంచీ ఆమె తనని తాను అడుగుతున్నది అదే. భర్త ఏదో అనబోతే మోచెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు మూల నుంచి పెద్దకోడలు మాట్లాడింది. అప్పటిదాకా ఆమె ఏడవలేదు.

"సగం మోసింది నేను."

భర్త తలెత్తాడు.

"మీకు భయపడి లేదన్నాను. పిల్లని తీసుకెళ్దామంటే మీరు వద్దన్నారు, మీకు భయపడి ఆగాను. ఆటో ఎక్కమంటే మీకు భయపడి ఎక్కలేదు." గొంతు పెంచలేదు. కూరగాయల ధర చెప్తున్నట్టు చెప్పింది. "దాన్ని ఏమీ అనకండి. నా కూతురి దగ్గర చివరిదాకా ఉన్నది అదొక్కతే."

పెద్దవాడు కొట్టడానికన్నట్టు లేచాడు. తమ్ముడు అడ్డం వెళ్ళాడు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని కాసేపు అలాగే పెనుగులాడారు. ఎక్కడో పట్టు సడలి పెద్దవాడు తమ్ముడి మీద వాలిపోయి ఏడ్చాడు. చూసినవాళ్ళు ఇక అన్నదమ్ములు కలిసిపోయారనుకున్నారు. అలా ఏమీ జరగలేదు. నెల తిరక్కుండానే పెద్దవాడు తన సగాన్ని అమ్మకానికి పెట్టాడు. అమ్మేసి వర్క్‌షాపు పక్కనే గది తీసుకున్నాడు. భార్య అతనితో వెళ్ళలేదు. బేకరీ వెనక వీధిలో ఇంకో పనామెతో కలిసి ఉంటోంది. కొన్నవాడు మొదటి వారంలోనే లారీ పిలిపించి పెంకులు ఎత్తించేశాడు. తన వాటా ఎక్కడిదాకా అని కూడా అడగలేదు.

చిన్నవాడు ఎవరికీ చెప్పకుండా తన వైపు పెరడంతా సిమెంటు చేయించాడు. పందిరి పీకేశాడు, పాదులు కొట్టించాడు. భార్య వద్దనలేదు. ఇంట్లో ఇప్పుడు ఏ పురుగు కనపడినా ఆమె చెప్పు తీస్తుంది. అలమారు వెనకదాన్ని కూడా చంపేసింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె బేకరీకి వెళ్ళింది. పెద్దకోడలు నెత్తికి టోపీతో, చేతులకి పలచటి తొడుగులతో వెనక తలుపు దగ్గరికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. తిన్నావా అని ఒకరు, ఆరోగ్యం ఎలా ఉందని ఒకరు అడిగారు. ఇక మాటలు లేవనుకుని చిన్నకోడలు గొడుగు తెరవబోయింది.

"చెల్లీ. ఆటోలో అది ఏమన్నా మాట్లాడిందా?"

చిన్నకోడలు గొడుగు మూసింది. "అమ్మేదీ అంది."

"నువ్వేం చెప్పావు?"

"వెనకే వస్తోందని చెప్పా. సరే అని నా ఒళ్ళో తల పెట్టుకుంది. తరవాత మాట్లాడలేదు."

పెద్దకోడలు తలూపింది. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసి, మడిచి, మళ్ళీ తొడుక్కుంది. లోపలి నుంచి ఎవరో ట్రేలు వచ్చాయని పిలిచారు.

"అప్పుడప్పుడు వస్తూ ఉండవే" అని లోపలికి వెళ్ళింది.