కత్తెర మీద నీలి మచ్చ

మామగారి చేతులు వణకడం మొదలై మూడేళ్ళయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, వీధిలో ఎవరికీ తెలియదు. సాన దుకాణం ముందు గదిలో ఆయన దర్జాగా కూర్చుని జనం తెచ్చిన కత్తులూ కత్తెరలూ అందుకునేవాడు. తెర వెనక వాటికి పదును పెట్టేది మాత్రం కోడలు.

పని నేర్పింది ఆయనే. బాగానే నేర్పాడు. చక్రం మీద నీళ్ళ ధార ఆగకూడదనీ, ఉక్కు వేడెక్కితే చచ్చిపోతుందనీ, కత్తెర లోపలి వైపు చక్రానికి తాకించనే కూడదనీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆమె చెయ్యి ఆయన చేతిని మించిపోయింది. "మీ పదునే వేరు పెద్దాయనా," అని ఎవరైనా మెచ్చుకుంటే, "నలభై ఏళ్ళ అనుభవమండీ," అని ఆయన మీసం దువ్వేవాడు. తెర వెనక ఆమెకి ఒళ్ళు మండేది.

భర్త బస్సు డ్రైవరు. అతనితో చెప్పుకుంటే, "పోనిద్దూ, పెద్దాయన సరదా," అనేవాడు.

"రోజంతా మీరు నడిపిన బస్సు నేనే నడిపానని ఇంకొకడు చెప్పుకుంటే తెలుస్తుంది, సరదా," అనేది ఆమె.

ఒకనాడు వీధి చివరి దర్జీ తన పెద్ద కత్తెర తెచ్చి ఇచ్చాడు. అది అతని గురువు ఇచ్చి పోయిన కత్తెర. పదునుకి పెద్దాయనకి ఇవ్వడం తప్ప, పాతికేళ్ళుగా దాన్ని ఇంకొకరిని ముట్టనివ్వలేదు. ఆమె పొద్దున్నే దానికి పదును పెట్టి, మర బిగించి, తడిపిన పల్చటి గుడ్డని కొస దాకా కోసి చూసుకుంది. ముందు గదిలో బల్ల మీద పెట్టి, నూనె తేవడానికి బజారుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దర్జీ దాన్ని పట్టుకుపోయాడు.

మర్నాడు దర్జీ కత్తెర తిరిగి పట్టుకొచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఇదేంటి పెద్దాయనా? గుడ్డని కొయ్యమంటే నములుతోంది."

మామగారు కత్తెర చూసి గొంతు సవరించుకున్నాడు. "నిన్న నాకు కాస్త నలతగా ఉంటే మా కోడలు చెయ్యి పెట్టింది. ఆడమనిషి, తెలీక చేసుంటుంది. ఏమనుకోకండి."

తెర వెనక ఆమె చక్రం ఆపేసింది. మూడేళ్ళలో ఆ గదిలో తన పని గురించి మామగారి నోట మాట రావడం అదే మొదటిసారి. తడి చేతులతోనే బయటికి వచ్చి కత్తెర అందుకుంది. కొసన గోరంత నీలి మచ్చ, ఉక్కు వేడికి మాడిన గుర్తు. లోపలి వైపు అడ్డదిడ్డంగా గీతలు. ఆమెకి అర్థమైంది.

"మామయ్యా, ఇది నీళ్ళు లేకుండా పట్టిన పదును. నా చక్రం మీద నీళ్ళ ధార ఆగదు. పొడి చక్రం మీ బల్ల కింద ఉంది."

"లోపలికి వెళ్ళమ్మాయ్."

"వెళ్ళను. నేను బజారుకి వెళ్ళినప్పుడు, చివరి మెరుగు మీ చేత్తో పెడదామని మీరు దీన్ని చక్రానికి పెట్టారు. చెయ్యి వణికింది. మంచి మాటలన్నీ మూడేళ్ళుగా మీకే దక్కాయి, ఊరుకున్నాను. ఈ మాట మాత్రం పడను."

దర్జీ నేల చూపులు చూశాడు. మామగారి మొహం కందగడ్డలా అయింది.

"పని నేర్పినందుకు నా నెత్తికే ఎక్కుతావా?"

"నేర్పారు కాబట్టే తప్పెవరిదో తెలిసింది."

ఆయన చెప్పులేసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

ఆమె తెర పీకేసి, చక్రాన్నీ నీళ్ళ డబ్బానీ తనే ముందు గదిలోకి ఈడ్చుకొచ్చింది. సాయం పట్టబోయిన దర్జీని, "మీరు కూర్చోండి," అంది. చచ్చిన ఉక్కంతా అరగదీసి, లోపలి గీతలు చేతిరాయి మీద నెమ్మదిగా పోగొట్టేసరికి మధ్యాహ్నమైంది.

"కొస పొట్టిదైపోయిందండీ. పాత కత్తెర ఇక రాదు. కొయ్యడం మాత్రం కోస్తుంది."

గుడ్డ చివరికంటా తెగింది. అయినా దర్జీ ఆ పొట్టి కొసని వేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. అది చూసి ఆమె కోపం ఇంకా పెరిగింది.

కోడలు తనని కొట్లోంచి గెంటేసిందని మామగారు వీధంతా చెప్పుకున్నాడు. కొందరు రావడం మానేశారు. "ఒక్క క్షమాపణ చెబితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త. "ముందు ఆయన్ని దర్జీకి చెప్పమనండి," అంది.

పన్నెండో రోజున మామగారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అప్పుడే మాంసం కొట్టువాడి కత్తి పూర్తి చేసింది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు. మామగారు కత్తి అందుకుని, బొటనవేలి గోటి మీద అంచు ఆన్చి, వెలుతురుకి రెండుసార్లు తిప్పి చూశాడు. వంక దొరకలేదు. కింద పెట్టి వీధిలోకి చూడసాగాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

"ఊఁ."

"ఊఁ అంటే కుదరదు. ఎవరు పట్టారో కూడా చెప్పండి. ఆయన వింటున్నారు."

మాంసం కొట్టువాడు ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. మోకాళ్ళ మీద పెద్దాయన చేతులు వణుకుతున్నాయి.

"మా కోడలు పట్టింది," అన్నాడు. "బాగుంది."

ఆ మాటతో ఆమె కోపం చల్లారలేదు.

"చెప్పులు విప్పకండి. ఇప్పుడు దర్జీ గారి కొట్టుకి వెళ్ళాలి మీరు," అంది.

ఆయన లేచి, వీధి చివరి వైపు తిరిగాడు.