కోసపాళయం మెస్‌లో గోడ

పొద్దున ఆరున్నరకు కోసపాళయంలో గిరిజ మెస్ తలుపు తెరుచుకునేది. తెరిచేది పనికి వచ్చే రాసాత్తి. నాలుగు బల్లలూ తుడిచి, నీళ్ల చెంబులు పెట్టి, ఊదొత్తి వెలిగించేది. అప్పటికి గంటన్నర ముందునుంచే గిరిజ గోడకు అవతల, వంటింట్లో ఉండేది. గోడలో రెండు జానల కిటికీ ఒకటుంది. అందులోంచి ఇడ్లీ, పొంగల్ ఇవతలికి వచ్చేవి. ఖాళీ గిన్నెలు అవతలికి పోయేవి. గిరిజకు రోజంతా కనిపించేవి రాసాత్తి చేతులు మాత్రమే.

ఆ గోడ పదకొండేళ్ల కింద గిరిజ భర్త దేవరాజన్ కట్టించాడు. పొయ్యి ముందర చెమటోడ్చే ఆడమనిషి నలుగురి కంటా పడటం ఆయనకు నచ్చలేదు. ఒక ఆదివారం మేస్త్రీని పిలిచి, సాయంత్రానికల్లా లేపించేశాడు. మునిసిపల్ ఆఫీసునూ అడగలేదు, గిరిజనూ అడగలేదు. వంటింట్లోకి పోవాలంటే పెరటి సందులోంచి చుట్టూ తిరిగి పోవడమే. నాలుగేళ్ల కింద దేవరాజన్ పోయాడు. గోడ ఉండిపోయింది. ఆ ఇంట్లో తెలుగు మాట కూడా ఆయనతోనే ఆగిపోయింది. రాసాత్తిది తమిళం, వీధిదీ తమిళమే. గిరిజ తెలుగులో మాట్లాడేది ఇక పొయ్యితోనే.

ఈ ఏడాది దగ్గు పట్టుకుంది. డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే తీసి చూశాడు. "ఇట్లా మూసిన గదిలో ఇంకో ఏడాది వండితే ఊపిరితిత్తులు మిగలవమ్మా. గాలి ఆడేలా చేసుకోండి, లేదంటే వంట మానెయ్యండి" అన్నాడు. వంట మానేస్తే తనకు పొద్దున లేచే పని ఏముంటుందో గిరిజకు తోచలేదు. గోడ తీయించాలనుకుంది. పక్క వీధిలో ఒక టీకొట్టతను పర్మిట్ లేకుండా గోడ కొట్టి, కొట్టుకు సీలు వేయించుకున్నాడు. అందుకని ఆమె పర్మిట్‌కు అర్జీ పెట్టింది.

ఇంజనీరు తమిళ్‌సెల్వన్ ప్లాను గీసి సంతకం చేసిన మర్నాడు గోడ పలచబడింది. తొమ్మిదంగుళాలది నాలుగంగుళాలైంది. బల్లల దగ్గరి మాటలు వంటింట్లోకి వినబడసాగాయి. పిల్లల పరీక్షలు, బస్సు ఆలస్యం, ఎవరింట్లోనో పెళ్లి. గిరిజ గరిటె పట్టుకుని వినేది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెతో అన్నది కాదు. ఏమీ వినబడని రోజులే నయమనిపించింది.

ఫైర్ ఆఫీసు సంతకం పడ్డాక గోడ తడిసిన పంచెలా అయింది. అటువైపు మనుషులు నీడల్లా కదిలేవారు. "ఫైలు కదిలినట్టుందే" అన్నాడు రోజూ వచ్చే ఒక పెద్దాయన, వాన పడేలా ఉందే అన్నట్టుగా. వడ ఇంకోటి తెమ్మన్నాడు.

తర్వాత ఫైలు ఆగింది. మూడు నెలలు. టిఫిన్లకీ భోజనాలకీ మధ్య గిరిజ ఆఫీసుకు పోయి నిలబడేది. చివరికి ఒక గుమాస్తా సంగతి చెప్పాడు.

"పాత ప్లానులో ఈ గోడే లేదమ్మా. లేని గోడను తీయడానికి పర్మిట్ ఎట్లా ఇస్తాం? ముందు గోడ కట్టడానికి తీసుకోండి. తర్వాత తీయడానికి."

"కట్టి పదకొండేళ్లయింది కదయ్యా."

"కాగితంలో లేదు కదా."

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మూడింటికి, మెస్ ఖాళీగా ఉన్నప్పుడు, ఆ ఆఫీసు నుంచి రాఘవన్ అనే అధికారి తనిఖీకి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. టేపు తీసి గోడ మందం కొలవబోయాడు. టేపు మీద ఏ అంకె కూడా రాలేదు. ఫైలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. గోడకు అవతల గిరిజకు దగ్గు తెర వచ్చింది.

"అయ్యో దేవుడా, ఏంది ఈ దగ్గు!" అంది తనలో తాను.

రాఘవన్ చెయ్యి ఆగింది. "మీరు తెలుగా అమ్మా?"

గోడలోంచి ఆయన నీడ ఒక్కటే కనిపిస్తోంది. గిరిజ కిటికీ వైపు జరిగింది. "ఇంట్లో తెలుగే సార్. మీది యాడ?"

"ఈ ఊరే, ఉప్పళం. మాయమ్మ ఉన్నన్నాళ్లూ మాట్లాడేవాణ్ణి. పోయి రెండేండ్లయింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడేది?"

రాఘవన్ మళ్లీ ఫైలు తిరగేశాడు.

"గోడ ఎందుకు తీయాలనుకున్నారు? ఫైల్లో గాలి కోసం అని ఉండాది."

"గాలి కోసమే సార్." గిరిజ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన అదో, మీరు నిలబడిన కాడే పడిపోయినాడు. ఏందో శబ్దమైంది అనుకున్నా. రాసాత్తి అరిస్తే, పొయ్యి ఆర్పి, సందు చుట్టి నేను ముందరికి వచ్చేసరికి ఆటో ఎళ్లిపోయింది. ప్రాణంతో మళ్లీ చూడలా."

రాఘవన్ పాత ప్లాను బల్లమీద పరిచాడు. అందులో వంటిల్లూ బల్లల గదీ కలిసి ఒకే పెద్ద గది. ఎదురుగా చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"రేపటినించి నేను ఈడ ఉండను అమ్మా. యానాంకి ట్రాన్స్‌ఫర్ ఏసినారు. కొత్తగా వచ్చేవాళ్లు ఫైలు మొదటినించి చూస్తారు. ఇంకో ఏడాది పడుతుంది."

"ఏడాదా!" అంది గిరిజ.

ఆయన పెన్ను తీసి, రాస్తూ పైకి చదివాడు. "స్థలాన్ని చూశాను. పాత ప్లానుకూ ఇప్పుడున్న కట్టడానికీ తేడా లేదు. వంట చేసుకోవడానికి అభ్యంతరం లేదు." కింద సంతకం పెట్టాడు.

గోడ పోయింది. దుమ్ము రేగలేదు, ఒక్క ఇటుక పడలేదు. వీధివైపునుంచి గాలి వచ్చి పొయ్యి మీది పొగను పెరటివైపు తోసింది. గిరిజ ఎదురుగా నెరిసిన మీసంతో, చంకలో ఫైలుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె కొంగు సర్దుకుంది, మళ్లీ వదిలేసింది.

"కూచోండి సార్. రసమన్నం ఉండాది."

ఆయన తిన్నాడు. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుంది. పదకొండేళ్లలో మెస్‌లో తన వంట తింటున్న మనిషిని చూడటం అదే మొదలు.

"యానాంలో అందరూ తెలుగే అంట. నా తెలుగు వాళ్లకి అర్థమవుతుందో లేదో" అన్నాడు ఆయన చెయ్యి కడుక్కుంటూ.

"నాకు అయింది కదా సార్."

రాఘవన్ నవ్వి, చెప్పులు వేసుకుని బయల్దేరాడు. గిరిజ పొయ్యి దగ్గరికి పోయి నిలబడింది. అక్కడినుంచి బల్లలు, గడప, గడప దాటి ఎండలో వీధి, ఆ వీధిలో ఆయన వీపు కనిపించాయి. పూలబండి దగ్గర ఆయన ఆగాడు, ఒక సైకిలుకు దారిచ్చాడు, మళ్లీ నడిచాడు.

"అక్కా, సాయంత్రానికి పిండి చాలదు" అంది పెరట్లోంచి వచ్చిన రాసాత్తి.

"ఉండు" అంది గిరిజ. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.