పేరులేని డబ్బా

గలిలయ కొండల మీది ఆ కొత్త ఊళ్లో, మెషులామ్ ఇంట హీబ్రూ తప్ప మరో మాట పలకకూడదని పెళ్లినాడే ఒట్టు పెట్టుకున్నారు. తరతరాలుగా ప్రార్థనల్లో తప్ప పొయ్యి దగ్గర వినపడని భాష అది. దేవుడికీ పంటకీ కన్నీళ్లకీ అందులో మాటలున్నాయి. ఇంట్లో సగం సామానుకు లేవు. పేరు లేనిదాన్ని వేలితో చూపించి ‘అదియ్యి’ అనేవాళ్లు.

కూతురు యెమీమాకు మూడేళ్లు నిండాయి. అదీ వేలితోనే చూపించేది. ఇంతవరకు ఒక్క మాట పలకలేదు.

ఒట్టు పెట్టుకోనిది మెషులామ్ తల్లి హిందె ఒక్కతే. చిన్ననాటి యిద్దిష్ భాష నోటికొచ్చినప్పుడల్లా గడప అవతలికి వెళ్లి కూర్చునేది.

“ఒరే, పేర్లే లేని కొంపలో పిల్ల ఏం పలుకుతుందిరా? మీ వేళ్లు చూసి వేలే నేర్చుకుంది,” అంది అక్కణ్ణుంచే. “పస్కా పండక్కి నోరు విప్పకపోతే దాన్ని నా పక్కలో పడుకోబెట్టుకుంటా. నా మాటలే నేర్పుతా.”

“అలాగే అత్తయ్యా,” అంది జివియా, మొగుడి వైపు చూడకుండా. మెషులామ్ కాదనలేకపోయాడు.

పండగ ముందు రోజు అతను బాదం మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. మూతికి చిల్లులున్న రేకు డబ్బా. దానికీ పేరు లేదు. యెమీమా వచ్చి ఆ జల్లు కింద నిలబడి మొహం పైకెత్తింది. తర్వాత వేలు చాపింది.

“అది కావాలా?” అన్నాడు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. “మమ్తెరా.”

డబ్బా కింద పెట్టాడు. “ఏదమ్మా, మళ్లీ చెప్పు.”

“మమ్తెరా,” అంది, చెవిటివాడికి చెప్పినట్టు.

అలాంటి మాట అతనెక్కడా వినలేదు, చదవలేదు. మాతార్ అంటే వాన. అందులోంచి మ, త, ర మూడు ధ్వనుల్నీ తీసుకుని, ముందు మరో ‘మ’ చేర్చి, పనిముట్లకు పూర్వులు పేర్లు కట్టిన తీరులోనే ఈ పిల్ల వాన కురిపించేదానికి పేరు కట్టింది. ఎవరు నేర్పారు? అతని తాత మంచుదేశంలో, ఈ కొండల్ని కంటితో చూడకుండానే, ఏటా ఈ నేల మీద వాన పడాలని వేడుకున్నది ఆ ‘మాతార్’ మాటతోనే. తాతకి ముందు ఆయన తాత. చచ్చిందనుకున్న భాష వాళ్లందరి నోళ్లలో విత్తనంలా పడి ఉండి, ఇప్పుడు ఈ తడిసిన పిల్ల నోట మొలకెత్తింది. మెషులామ్ మట్టిలోనే కూర్చున్నాడు.

జివియా పరుగున వచ్చింది. హిందె కూడా విన్నది. ఇంట్లోకి వెళ్లి పేరులేని తన టీ వడకట్టే జల్లెడ తెచ్చి, గడప లోపలే ఆగి, మనవరాల్ని పిలిచి చూపించింది.

“మరి దీన్నేమంటారమ్మా?” అని వచ్చీరాని హీబ్రూలో అడిగింది.