అడ్డంగా ఉంటే తెరిచినట్టు

వాషింగ్ మిషను తలుపు టక్కున బిగుసుకుంది. దీపాలు వెలిగాయి. లోపల డ్రమ్ము ఒకసారి అటూ ఇటూ కదిలి ఆగిపోయింది. నీళ్ళు పడే చప్పుడు కోసం గాజు తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా చుక్క పడలేదు. చివరికి ముందు పలక మీద కుళాయి బొమ్మ ఎర్రగా మిణుకుమనడం మొదలుపెట్టింది. నీళ్ళు అందడం లేదు, చూసుకో అని దాని భాష.

"ఇన్నాళ్ళూ లేనిది ఇవాళే దొరికిందా నీకు?" అని దాని నెత్తిన ఒక్కటిచ్చాను. నాకు కోపమొస్తే మనుషులూ వస్తువులూ అన్న తేడా ఉండదు.

డ్రమ్ములో ఉన్నవి మా చెల్లి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, ఒంటి మీది బట్టలు. చెల్లికి ఒంట్లో రక్తం తయారయ్యే చోటే పాడైంది. ఆస్పత్రిలో మందులతో పాతదంతా ఖాళీ చేసి, కొత్త ఎముక మూలుగ ఎక్కించారు. ఎక్కింది, పట్టింది, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పురిటి పిల్లకున్నంత కూడా లేదు. వచ్చేవారం పంపిస్తామన్న డాక్టరు ఈ పొద్దున్నే మాట మార్చాడు. పక్క గదిలో ఒకాయనకి అంటుకునే జ్వరం వచ్చిందట. సాయంత్రంలోపు మీ అమ్మాయిని ఇంటికి తీసుకుపోండి, ఆ గాలి ఈమెకి తగలకూడదు అన్నాడు. అయితే ఇల్లు సిద్ధంగా ఉంటేనే పంపుతారు. ఒంటికి తగిలే ప్రతి బట్టా ఆ రోజే, ఇంట్లోనే, మిషన్లో మరిగే నీళ్ళతో ఉతికి ఇస్త్రీ చేసి ఉండాలి. చేత్తో ఉతికితే ఒప్పుకోరు. బయట ఇవ్వకూడదు. పక్కింటి మిషనూ పనికిరాదు. నర్సు అమ్మకి నొక్కి నొక్కి చెప్పింది.

అంటే ఈ ఎర్ర బొమ్మ ఆరకపోతే నా చెల్లి ఆ జ్వరం పక్క గదిలోనే ఉండాలి.

"నాన్నా!" అని కేకేశాను.

నాన్న ముందు గదిలో కిటికీ గొళ్ళెం విప్పి నూనె వేస్తున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. చెల్లి ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ చేతిలో స్క్రూడ్రైవరు లేకుండా నేనాయన్ని చూడలేదు. అమ్మ రాత్రీ పగలూ ఆస్పత్రిలో కూర్చుంటుంది, నేను వండి పట్టుకెళ్తాను, ఆయన ఇల్లంతా తిరిగి మరలు బిగిస్తాడు. ఎవరి ఏడుపు వాళ్ళదిలే అని ఊరుకున్నాను.

వచ్చి ఎర్ర బొమ్మని చూశాడు. "ట్యాప్ తెరిచావా?"

"తెరిచే ఉంది."

చూడకుండా అన్న మాట కాదది. మిషను పైపు పక్కనున్న వాష్ బేసిన్ కింది అలమరలోకి పోతుంది. ట్యాప్ ఆ అలమరలో ఉంటుంది. దాని పిడి ఊళ్ళో అన్ని ట్యాపుల్లాగే, గోడలోంచి ముందుకొచ్చే గొట్టం వెంబడి నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు ఉండేది. కాకపోతే తెరిచినప్పుడు పిడి ముందుకు పొడుచుకొచ్చి, అలమర తలుపు వేయగానే దానికి తగిలి సగం మూసుకుపోయేది. ఉతుకు మధ్యలో మిషను ఆగి గోల చేసేది. మా చెల్లి బడిలో సైన్సు పాఠాలు చెబుతుంది గానీ ఇంట్లో దాని ఉద్యోగం వేరు. ఒకరోజు పిడి ఊడదీసి, తిప్పి బిగించింది. అప్పటి నుంచీ మా ఇంట్లో అడ్డంగా ఉంటేనే తెరిచినట్టు. అలమర తలుపు పూర్తిగా మూసుకుని ఉంటే నీళ్ళు ఉన్నట్టు, ఓరగా ఉంటే కట్టేసినట్టు. దూరం నుంచే తెలుస్తుంది. అలాంటి తిక్క ఏర్పాట్లు మా ఇంటినిండా ఉన్నాయి. వంటింటి డ్రాయరు ఎడమ మూల ఒక గుద్దు గుద్ది లాగితేనే వస్తుంది. బయటివాళ్ళెవరైనా మా ఇంట్లో ఒక పూట గడపాలంటే చెల్లి దగ్గర ట్యూషను చెప్పించుకోవాలి.

ఇప్పుడు అలమర తలుపు చక్కగా మూసుకుని ఉంది. అయినా చెయ్యి పెట్టి తడిమి చూశాను. పిడి అడ్డంగానే ఉంది.

"అయితే జల్లెడ పూడుకుని ఉంటుంది" అన్నాడు నాన్న. పైపు మిషన్లోకి వెళ్ళే చోట చిన్న జల్లెడ ఉంటుంది, ఇసుకా తుప్పూ అక్కడ ఆగుతాయి. ఇద్దరం కలిసి మిషన్ని ముందుకు జరిపాం. ఆయన గోడకీ మిషనుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. "ట్యాప్ కట్టెయ్."

నేను సబ్బు సీసాల మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి పిడిని నిలువుగా తిప్పాను. "కట్టేశా."

ఆయన పైపు మర విప్పాడు. నీళ్ళు ఫెళ్ళున ఆయన ముఖాన కొట్టాయి.

"కట్టమన్నానా లేదా!"

"కట్టాను నాన్నా!"

"ఇదేనా కట్టడం! తిప్పవే తల్లీ!"

కంగారులో పిడి పట్టుకుని మళ్ళీ ఒక్క తిప్పు తిప్పాను. రెండు సీసాలు దొర్లిపడ్డాయి. అదే క్షణంలో ఆయన పైపుని రెండుగా మడిచి పట్టుకున్నాడు. నీళ్ళు ఆగాయి. చొక్కా నిండా నీళ్ళతో ఆయన నన్ను కాల్చేసేలా చూశాడు. నేనూ తక్కువ తినలేదు, అలాగే చూశాను. కట్టాక కూడా వచ్చాయంటే పైపులో మిగిలిన నీళ్ళయి ఉంటాయి, ఆయన మడిచాడు కాబట్టి ఆగాయి అనుకున్నాను నేను. నేనిప్పుడు సరిగ్గా కట్టాను కాబట్టి ఆగాయి అనుకున్నాడాయన. ఈ సంగతి ఒకరికొకరం చెప్పుకున్నామా అంటే లేదు. మా వంశంలో మాట్లాడుకోవడం అంటే అరుచుకోవడమే.

జల్లెడ తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. తళతళలాడుతోంది. తిరిగి పెట్టి, పైపు బిగించి, "ఇప్పుడు తెరువు" అన్నాడు.

నేను తడిమితే పిడి అడ్డంగా ఉంది. "తెరిచే ఉంది."

బొత్తాం నొక్కాం. డ్రమ్ము కదిలింది, ఆగింది. మళ్ళీ ఎర్ర బొమ్మ.

"పైపు దాకా నీళ్ళున్నాయి, నా ముఖమే సాక్ష్యం" అన్నాడు నాన్న తుడుచుకుంటూ. "లోపలికి పోవట్లేదంటే రోగం లోపలే ఉంది."

అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ.

"కాగితాలు అయిపోవచ్చాయే. నర్సు అడుగుతోంది, బట్టలు అయ్యాయా అని. పక్క గదికి ఇందాక ఇంకో డాక్టరు పరిగెత్తాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. అయ్యాయని చెప్పనా?"

నాన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.

"అవుతున్నాయమ్మా. చెప్పు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక భయమేసింది. అబద్ధం ఆడినందుకు కాదు, అది నిజం కాకపోతే ఏమవుతుందో తెలిసినందుకు.

నాన్న మిషను పైకప్పు విప్పాడు. నీళ్ళని లోపలికి వదిలే వాల్వు చూపించాడు. దానికి కరెంటు తగిలితే తెరుచుకుంటుందట. వైర్లు పీకి మీటరు పెట్టాడు, ముల్లు కదిలింది. అది బాగానే ఉంది. తలుపు గొళ్ళెం సరిగ్గా పడకపోయినా నీళ్ళు వదలదన్నాడు. గొళ్ళెం విప్పి, తుడిచి, బిగించాడు. టక్కుమని పడింది. బొత్తాం నొక్కాం. వాల్వు సన్నగా జుమ్మంది. ఆ జుమ్మనడం విని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. జుమ్మంటూనే ఉంది గానీ నీళ్ళు మాత్రం రాలేదు.

"కరెంటొస్తోంది, తెరుచుకుంటోంది, మరి నీళ్ళెక్కడికి పోతున్నాయే?" అన్నాడు. గొంతు వణికింది. ఆ గొంతు అలా వణకగా నేనెప్పుడూ వినలేదు. చెల్లి జబ్బు పేరు డాక్టరు చెప్పిన రోజు కూడా "సరే, ఏం చెయ్యాలో చెప్పండి" అన్న మనిషి. ఇప్పుడు తడిసిన చొక్కాతో నేల మీద చతికిలబడి, వైర్ల వైపు చూస్తూ, "ఇంతకంటే నాకు తెలీదమ్మా" అన్నాడు.

"తెలీదంటే ఎలా? చెల్లి బయల్దేరుతోంది!"

"నేనేం చెయ్యను?"

"ఊరికే అన్ని మరలూ బిగిస్తావుగా! దీన్ని బిగించు!"

అనకూడని మాట. అనేశాక వెనక్కి తీసుకునే ఓపిక లేదు. పోనీ ఆ పైపునే మధ్యకి కోసి చూద్దాం, ఏముందో అనిపించింది. తిక్క ఆలోచనే గానీ అప్పటికి అంతకంటే మంచిది తట్టలేదు. కత్తి కోసం వంటింట్లోకి పోయాను. అలవాటుగా డ్రాయరు ఎడమ మూల ఒక గుద్దు గుద్ది, ఉన్న బలమంతా పెట్టి లాగాను.

డ్రాయరు వెన్నలా జారి చేతుల్లోకి వచ్చేసింది. నేను వెల్లకిలా పడ్డాను. చెంచాలు, గరిటెలు, కత్తులు నా చుట్టూ గలగలా పడ్డాయి.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా?"

నేను ఖాళీ డ్రాయరు వైపు చూస్తున్నాను. "ఇది ఇంత తేలిగ్గా ఎప్పటి నుంచి వస్తోంది?"

"ఈ పొద్దున్నే బాగు చేశాను. కిందున్న పట్టీ వంగి ఉంటే సరిచేసి..."

"ఇంకా ఏమేం బాగు చేశావ్?"

ఆయన వంగి చెంచాలు ఏరసాగాడు.

"నాన్నా. ఇంకా ఏమేం బాగు చేశావ్?"

"కిటికీలు. ఫ్యాను స్విచ్చి. గది తలుపు." ఆగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "ట్యాప్ పిడి."

నేను లేచి పరిగెత్తాను. అలమర తలుపు లాగి, సీసాలన్నీ బయటికి తోసి, పిడిని నిలువుగా తిప్పాను. మిషను ఇంకా జుమ్మంటూనే ఉంది. ఆ జుమ్మనడం మీద నీళ్ళ చప్పుడు పడింది. గాజు తలుపు వెనక చెల్లి పసుపు దుప్పటి తడిసి రంగు మారడం చూస్తూ అక్కడే కూలబడ్డాను. ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. ఎర్ర బొమ్మ ఆరిపోయింది.

కాసేపటికి కోపం తీరిగ్గా వచ్చింది.

"ఎందుకు తిప్పావు నాన్నా? మనింట్లో అది అలాగే ఉంటుందని నీకు తెలీదా?"

ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. స్క్రూడ్రైవరుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చెల్లి ఇంట్లో ఉంటే ఏది ఎలా తిప్పాలో చెబుతుంది. అది లేకపోతే ఎవరు చెబుతారు?" అన్నాడు. "కొత్త మూలుగ పట్టకముందు ఒకరోజు డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఆశ పెట్టుకోవద్దన్నాడు. మీకు చెప్పలేదు. ఇంటికొచ్చి డ్రాయరు తీయబోతే గుద్దాల్సొచ్చింది. ప్రతి వస్తువూ దాన్నే గుర్తు చేస్తోంది. రేపు మీ అమ్మ ఈ డ్రాయరు గుద్దిన ప్రతిసారీ ఏడుస్తుంది అనుకున్నాను. అందుకని ఒక్కొక్కటీ అందరిళ్ళల్లో ఉన్నట్టు చేస్తూ వచ్చాను. తర్వాత దానికి నయమవుతోందన్నారు. అయినా చెయ్యి ఆగలేదు. పిడి నిన్ననే మార్చాను. నమ్మకం కుదరలేదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. నేను చెల్లి గది సర్దుతుంటే ఈయన ఇంట్లోంచి దాన్ని ఒక్కో మరా విప్పి తీసేస్తున్నాడు! ఆ స్క్రూడ్రైవరు లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. కానీ ఆయన తడి చొక్కాతో, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఇన్ని రోజులూ ఆ మాట ఒక్కడే మోశాడు. లేచి తువ్వాలు తెచ్చి ఆయన తల తుడిచాను. గట్టిగానే తుడిచాను.

ఆ తర్వాత పనిలో పడ్డాం. మిషన్లోంచి ఒక్కో బట్టా రావడం, నేను దులిపి ఇవ్వడం, ఆయన ఇస్త్రీ చేయడం. ఇస్త్రీపెట్టె ఆవిరి కక్కుతుంటే తడి ఆరేదాకా నొక్కాడు. పసుపు దుప్పటి మంచం మీద పరిచి వెనక్కి తిరిగేసరికి కింద కారు ఆగిన చప్పుడు.

చెల్లి ముఖానికి రెండు మాస్కులు, తలకి టోపీ. కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ భుజం పట్టుకుని తిన్నగా గదిలోకి పోయి పడుకుంది. దుప్పటికి ఇంకా ఇస్త్రీ వేడి ఉంది. దాన్ని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. నాన్న గది బయటే, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి రావడానికి మాస్కు కట్టుకున్నాడు గానీ రాలేదు.

మందు కలపడానికి చెంచా కావాలంది అమ్మ. వంటింట్లోకి వెళ్ళి డ్రాయరు లాగి, చెంచా తీసుకొచ్చాను.

చెల్లి కళ్ళు తెరిచింది. "గుద్దు వినపడలేదేంటి?"

"ఏం గుద్దు?" అంది అమ్మ.

"డ్రాయరు గుద్దకుండా చెంచా ఎలా తెచ్చావక్కా?"

"నాన్న బాగు చేశాడు."

"ఎవరు చెయ్యమన్నారు?" మాస్కు వెనక నుంచి కూడా దాని గొంతులో చిరాకు బాగా తెలిసింది. "అదలా వదులుగా ఉంటే చెయ్యి తగిలినప్పుడల్లా ఊడొస్తుంది. ఒకసారి అంతా నా మీద పడిందనే అలా బిగించుకున్నాను. నాలుగు రోజులు ఇంట్లో లేకపోతే చాలు, నా వస్తువులన్నీ పాడు చేసి పెడతారు. వెళ్ళి మళ్ళీ మునుపట్లా చెయ్యమను. ట్యాప్ కూడా ముట్టుకున్నాడా ఏంటి?"

నేను గుమ్మం వైపు చూశాను. నాన్న అక్కడ లేడు.

వంటింట్లోంచి పట్టీ మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. కాసేపటికి ఆగాయి. తర్వాత డ్రాయరు ఎడమ మూల ఒక గుద్దు, వెంటనే చెంచాల గలగల.

"ఆఁ, అదీ" అని చెల్లి అటు తిరిగి పడుకుంది.